గుడ్డెలుగు గుడ్డిది కాదట

యావత్ ఎలుగుబంటి జాతికి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటూ ఈ పోస్టు మొదలుపెడుతున్నాను.

ఈ రోజు మా అక్క కూతురు సహస్రను రేగొండ నుంచి హన్మకొండ జూకు తీసుకెళ్లాను. దానికి ఐదేళ్లు. మా వైపు ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటాం కదా, పాపం అది గుడ్డిదని సహస్ర గట్టిగా నమ్మింది. మేం వెళ్లేసరికి అక్కడ జంతువులను చూసుకునే ఆమె ఎలుగు ఆవరణలో పుచ్చకాయ ముక్కలను రాళ్ల కింద, మొద్దుల సందుల్లో దాచి, బయటికొచ్చి ఎలుగును వదిలింది.

"కండ్లు లేనిదానికి బువ్వ దాచిపెడ్తవా?" అని సహస్ర ఏడుపు మొహంతో ఆమెను నిలదీసింది.

"దాని కండ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. ముక్కు ఇంకా మంచిగ పనిచేస్తది. అడవిల లెక్క గిక్కడ గూడ దేవులాడుకొని తినాలె. రేపు దీని పిల్లలు దీన్ని చూసే నేర్చుకుంటయి. పళ్లెంల పెట్టిస్తే తిని పండుడే. మీ మామను చూడు, ఎట్లయిండో."

నేను పొట్ట లోపలికి పీల్చి గంభీరంగా తలాడించాను.

ఎలుగు నేలంతా వాసన చూసుకుంటూ పోయి, రాయి దొర్లించి ముక్క నోట పెట్టుకుంది. సహస్ర అప్పుడు గానీ నా చెయ్యి వదల్లేదు.

దానికి గుడ్డెలుగని పేరెందుకొచ్చిందో తెలిసినవాళ్లు జర చెప్పండి, ఇంటికొచ్చినా పిల్ల నన్ను వదలడం లేదు. జూలో ఆమె చెప్పినవన్నీ సహస్ర ఇంట్లో అప్పజెప్పేసరికి, వన్యప్రాణుల సంరక్షణ గురించి తమ్ముడు ఎంత బాగా చెప్పాడో అని మా అక్క మురిసిపోతోంది. నేను నిజంగా చేసింది ఒక్కటే. సహస్ర పక్కన నిలబడి, "కుడి పక్కకు పో, కుడి పక్కకు" అని ఎలుగుకు రహస్యంగా దారి చెప్పాను.

ముక్క ఎడమ పక్క దొరికింది.