పొయ్యి వెలిగే ఇళ్లకే

తుఫాను తీరం దాటింది ఎక్కడో కోస్తాలో. గద్వాలకు వచ్చేసరికి దాంట్లో గాలి లేదు, వాన మాత్రం మిగిలింది. ఆ వాన మా వీధి మీద రోజుల తరబడి ఆగకుండా కురిసింది.

మట్టి మిద్దె ఎలా కూలుతుందో నేను చదువుకున్నదే. పైన పరిచిన చౌడు మట్టి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. కింద గోడ మొదలు నాని మెత్తబడుతుంది. ఆ తర్వాత దూలం జారుతుంది. మా వీధిలో ఐదు నేత ఇళ్లు సందు లేకుండా ఒకే వరసలో ఉండేవి. పక్కపక్క ఇళ్ల దూలాలు రెండూ ఒకే ఉమ్మడి గోడ మీద ఆనేవి. చివరి ఇంటి గోడ కూర్చోగానే మిగతావి దాని వెంట పోయాయి. పగటిపూట కాబట్టి మనుషులు బయటపడ్డారు. మగ్గాలు గుంటల్లోనే మట్టి కింద ఉండిపోయాయి.

ఐదింటిలో నడిమి ఇల్లు మాది. అమ్మ పోయినప్పటి నుంచి దానికి తాళం. నేను వనపర్తిలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజినీరును, ఉండేది అద్దె గదిలో. కూలిన మర్నాడు వెళ్లి చూస్తే తాళం వేసిన తలుపు చౌకట్టుతో సహా నిలబడే ఉంది. దాని వెనక ఇల్లు లేదు.

సర్కారు సాయం వచ్చేదాకా ఆగితే ఆ నాలుగు కుటుంబాలకు పని ఉండదు. మగ్గం ఆడకపోతే పూట గడవదు. చందాలు వసూలు చేద్దామని నేనే అన్నాను, పని నా మీదే వేసుకున్నాను. అడగబోయే ముందు నియమాలు రాసుకోవడం నా అలవాటు. ఒకటి: డబ్బు ఎవరి చేతికీ ఇవ్వం, సామాను కొంటాం. రెండు: ఉమ్మడి గోడలు రాయి, సిమెంటుతో లేపుతాం, ప్రతి ఇంట్లో మగ్గం గుంట ముందే వదులుతాం. మూడు: పొయ్యి వెలిగే ఇళ్లకే కడతాం. తాళం వేసిన ఇంటికి పైసా పెట్టం.

మూడోది రాస్తున్నప్పుడు మా ఇల్లు నాకు గుర్తుంది. అది రాయకపోతే ఇంకొకరిని అడగడానికి నాకు నోరు రాదు. నా జీతంలోంచి కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చు, కాదనను. కట్టి మళ్లీ తాళం వేయాలి. అయినా లోపల ఒక ఆశ ఉండేది. వరసలోని వాళ్లు ఎవరైనా "నీది గూడ లేపుదాం" అంటారేమోనని. నేనుగా అడగలేను. వాళ్లు అంటే కాదనలేను.

చందాల కోసం మొదటి దావత్ వనపర్తిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. జొన్న రొట్టెలు, పుండుకూర, కోడి కూర. టికెట్ కొని తినాలి, ఆపైన ఎవరిష్టం వారిది. ఎక్కువిచ్చినవారు, తక్కువిచ్చినవారు అనే తేడా రాకూడదని మైకులో పేర్లు చదవొద్దనుకున్నాను. సిమెంటు దుకాణం పెద్దాయన ఒప్పుకోలేదు.

"పేర్లు సదువకుంటె ఎట్ల సారూ? నేనిచ్చిన్నని మా ఇంటామెకు ఎట్ల తెలుస్తది? పైసలు ఏడ తగలవెట్టినవని నన్ను పీక్క తింటది."

పక్కన రొట్టె తింటున్న ఆయన దోస్తు అందుకున్నాడు. "ఆమెనే పిలిపియ్యి. మైకు గూడ అక్కరలేదు, ఒట్టిగనే ఊరంత ఇనవడ్తది."

బంతిలో వాళ్లంతా నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, చెయ్యి కడుక్కుని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట చెప్పు. తాళాలేసి పట్నంల కూసున్నోళ్ల ఇండ్లకు గిట్ల పెడ్తరా మా పైసలు?"

"పెట్టం. పొయ్యి వెలిగే ఇండ్లకే."

"గది మంచిగుంది," అని ఆయన మైకు దగ్గరికి వెళ్లి తన పేరు, తానిచ్చే సిమెంటు బస్తాల లెక్క తనే చెప్పుకున్నాడు.

అందరూ వెళ్లాక గిన్నెలు తిరగేశాం. వడ్డించేవాడు చివర్లో తినాలి కదా, నాకు అడుగున చల్లారిన పుండుకూర మిగిలింది. హాలు తాళాలు అప్పజెప్పి గదికి నడుచుకుంటూ వచ్చాను. ఆ రోజు నాతో మాట్లాడినవాళ్లందరూ నాకు గుర్తున్నారు: సిమెంటు, ఇనుము, మందుల షాపు, బస్సు డిపో. వాళ్లలో ఎవరింటికైనా ఊరికే వెళ్లి కూర్చోగలనా అని ఆలోచించాను. ఒక్కరూ తట్టలేదు.

రెండో వసూలు నాగర్‌కర్నూల్లో. మట్టిలో తడవకుండా మిగిలిన చీరలు, బంధువుల ఇళ్లలో నేసినవి కలిపి ఒక ఫంక్షన్ హాల్లో అమ్మకానికి పెట్టాం. మా పక్కింటి చిన్నమ్మ నాతో వచ్చింది. రక్తసంబంధం లేదు. అమ్మకూ ఆమెకూ నడుమ గోడ ఒక్కటే, అందుకని చిన్నమ్మ. కొనేవాళ్లకు ఆమె చీర మడత విప్పి, నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలిసిందో తిప్పి చూపిస్తుంటే, నేను పక్కన రసీదులు రాశాను. ఒకామె బేరం మీద బేరం ఆడింది. చిన్నమ్మ చీర ఆమె చేతుల్లో పెట్టి, "ఇల్లు కట్టనీకె అమ్ముతున్న తల్లీ, తలుపు ధర నువ్వు తగ్గిస్తున్నవ్," అంది. ఆమె నవ్వి అడిగినంతా ఇచ్చింది.

తిరుగు బస్సులో మిగిలిన చీరల మూట నా ఒళ్లో ఉంది. బిజినేపల్లి దాటేదాకా చిన్నమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"కొడుకా, ఒక మాటడుగుత. కోపానికి రావద్దు."

"అడుగు చిన్నమ్మా."

"నీ జాగల ఏం చేద్దామనుకుంటున్నవ్?"

నేను ఒళ్లో మూట సర్దుకున్నాను.

"మా పిల్లగానికి పెండ్లి కుదిరింది. కోడలొస్తె ఇంకో మగ్గం పడ్తది. పడుగు దారాలు సాపనీకె తావు లేదు, తొవ్వల సాపుదామంటె బండ్లు మీదికొస్తున్నయి. నడుమ నీ జాగ బయలుగుంటె మాకు ఆసరైతది. నువ్వు కట్టుకుంటనంటె గిప్పుడే చెప్పు, ఈ మాట నేను అడగనే లేదనుకో. జాగ ఎప్పటికైన నీదే."

"నేను కడితే..."

"నువ్వొచ్చి ఉంటనంటె మేమే ముందు నిలవడి కడ్తం. మీ అమ్మ ఇల్లు మాకు బరువా? వస్తవా మరి?"

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసిన మాట అదే. దానికి జవాబు చెప్పడానికి నా దగ్గర ఏముందో వెతుక్కున్నాను. ఉద్యోగం వనపర్తిలో. మగ్గం ఎక్కడం రాదు. వచ్చి ఆ ఇల్లు నిలపడానికి తోడుగా ఒక మనిషి కావాలి, నా పక్కన అలాంటి మనిషి లేదు. ఆమె నా ముఖమే చూస్తోంది.

"తెల్వదు చిన్నమ్మా."

"తెల్వదంటె రావనే, నాయినా." ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

"వాడుకోండ్రి," అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పి వేయించిన పల్లీలు నా చేతిలో పోసింది. గద్వాల దాకా ఇద్దరం అవి తింటూ వచ్చాం.

ఆ తర్వాత గద్వాలలో ఇంకో దావత్ జరిగింది. పనీ మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి చూసుకున్నాను. సున్నంతో గీతలు నేనే వేశాను. మా జాగకు రెండు పక్కలా గోడలు ఎలాగూ లేపాలి, పక్కవాళ్ల స్లాబులు ఆనేది వాటి మీదే. ముందు, వెనక గీత గీయలేదు.

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి అడిగాడు. "సారూ, ఈ నడిమిదానికి స్లాబు?"

"లేదు."

"వాకిలి?"

"లేదు. వదిలెయ్యి."

"ఎవరిదో పాపం," అని ఆయన దారం లాగి పట్టుకున్నాడు. నేను రెండో కొస పట్టుకుని మట్టం చూశాను.

నాలుగు ఇళ్లూ లేచాయి. గృహప్రవేశాల రోజున మా సైటులో స్లాబు పోస్తున్నారు, వెళ్లలేదు. చిన్నమ్మ కొడుకు పెళ్లి రోజున కూడా అంతే. వాళ్లు రెండుసార్లూ ఫోన్ చేసి పిలిచారు. స్లాబు అబద్ధం కాదు. ఇంకొకరిని నిలబెట్టి వెళ్లగలిగి ఉండేవాణ్ని.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం వెళ్లాను. రెండు గోడల మధ్య, వీధి అంచు నుంచి వెనక దాకా, పడుగు దారాలు నడుము ఎత్తున సాచి ఉన్నాయి. అప్పుడే గంజి పెట్టారేమో, తడిగా మెరుస్తున్నాయి. లోపలికి అడుగు పెట్టడానికి దారి లేదు. గోడల వైపు చూశాను. ఎక్కడా పగులు లేదు, మొదట్లో చెమ్మ లేదు.

ఒక అమ్మాయి బ్రష్షుతో దారాలు సరిచేస్తూ తలెత్తింది. చేతులకు పెళ్లి గాజులు ఇంకా నిండుగా ఉన్నాయి.

"ఎవరు గావాలె?"

"ఎవరూ వద్దమ్మా. గోడలు చూసిపోదామని వచ్చిన."

"గోడలకేమైంది?"

"ఏం కాలే. మంచిగున్నయి."

"అత్త బజారుకు పోయింది. జర కూసుంటరా? దారాలకు తగలకుండ గిట్ల పక్కనుంచి రాండ్రి." బ్రష్షు మరో చేతిలోకి మార్చుకుని, మర్యాదకు అడిగింది. "మీది ఏ ఊరు?"

"వనపర్తి," అన్నాను.