బాపు నిద్ర

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే మా సిరిసిల్ల వీధిలో మరమగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో నాకు మా డ్రాయింగ్ టీచర్ సుగుణ గారు గుర్తుకొస్తారు. ఆవిడ ఏ బొమ్మనూ వెంటనే నమ్మేవారు కాదు. బడిలో నేను రెండు కొండల నడుమ సూర్యుణ్ని వేస్తే తరగతంతా బాగుందంది. ఆవిడ మాత్రం కాగితాన్ని దూరంగా పట్టుకొని, "పొద్దు గిట్ల గుట్టల నడుమ పొడువంగ ఎప్పుడు చూసినవ్ బిడ్డా?" అని అడిగారు. మా వీధికి సూర్యుడు నీళ్ల ట్యాంకు వెనక నుంచి వస్తాడు.

కరోనా వచ్చిన ఏడాది చిత్రకళ చదువు ముగించి ఇంట్లో చిక్కుబడ్డాను. మగ్గాలు ఆగాయి. పాల ప్యాకెట్ మీద, పక్కింటివాళ్ల దగ్గు మీద అందరికీ అనుమానమే. అప్పుడే ఢిల్లీలోని ఒక కళాసంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఇళ్లలో ఉండిపోయిన చిత్రకారుల చేత కొత్త బొమ్మలు వేయించి ఆన్‌లైన్‌లో ప్రదర్శిస్తారట. పొంగిపోయి టీచర్ ఇంటికి పరుగెత్తాను. అప్పటికి రిటైరైన ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని గేటు అవతలే నిలబడి అంతా విన్నారు. నా నంబరు వాళ్లకెవరిచ్చారు, బొమ్మ చివరికి ఎవరి దగ్గరుంటుంది, ఇలాంటి రోజుల్లో వాళ్లకది ఎందుకు అని అడిగారు. వాళ్లను అడిగి జవాబులు తెచ్చాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ అనుమానం మాత్రం తగ్గలేదు.

నేతకారుల బాధ చూపించమని ఆ సంస్థ నుంచి ఫోన్ చేసిన ఆవిడ మెత్తగా చెప్పింది. ఆగిన మగ్గం ముందు తల పట్టుకొని ఏడుస్తున్న మా నాన్నను, బాపును, వేశాను. టీచర్ దాన్ని గేటు దగ్గరే అందుకొని చూశారు.

"మీ బాపు ఏడ్చిండా?"

"ఏడ్వలే టీచర్."

"మరేం జేసిండు?"

"పండుకున్నడు."

"అయితే గీ ఏడ్చేటాయన ఎవరు?"

బొమ్మను గేటు మీదుగా తిరిగిచ్చేశారు. కోపంతో ఇంటికొచ్చాను. బాపు మగ్గం పక్కన నేల మీద, జుట్టులో నూలుపోగులతో, నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మగ్గాలు ఆగేదాకా ఆయన పగలు పడుకోవడం చూడలేదు. అక్కడే కూర్చొని వేయడం మొదలుపెట్టాను.

ఆ బొమ్మ పంపితే, ఇందులో బాధ లేదే అని సంస్థ ఆవిడ సందేహించింది. తర్వాత చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. చివరకు అందరి బొమ్మల తర్వాత నాది పెట్టారు. దుబాయిలో ఉన్న మా చిన్నాయన చూసి ఫోన్ చేశాడు. బాపు ఫోన్‌లో బొమ్మను చూసుకొని, "నేను గింత మంచిగ పండుకుంటనా?" అన్నాడు. వచ్చిన ప్రశంసలన్నీ టీచర్‌కు చదివి వినిపించాను. "ఇగ గసొంటిదే మళ్ల అడుగుతరు. జర పైలం," అని హెచ్చరించారు. అన్నట్టే, నిద్రపోయే నేతకారుడి బొమ్మ ఇంకొకటి కావాలని మరొకరు అడిగారు. వేయలేదు.

నిరుడు టీచర్ పోయారు. గోడకు పెట్టుకోవడానికి నవ్వుతున్న బొమ్మ కావాలన్నాడు వాళ్లబ్బాయి. నేను కళ్లు చిట్లించి, ఒక కనుబొమ పైకెత్తి చూస్తున్న ఆవిడను వేసిచ్చాను. అతను వాళ్లమ్మ బొమ్మను దూరంగా పట్టుకొని చూశాడు. "అవ్వ గిట్లనే చూస్తుండె," అని మేకు కోసం లేచాడు.

ఇప్పటికీ పూర్తయిన బొమ్మను అదే రోజు ఎవరికీ పంపలేను. బాగా వచ్చిందనిపిస్తే మరీ పంపలేను.