పొరుగింటి అరుగు దాకా

రాజమహేంద్రవరంలో నేను పాఠాలు చెప్పే బడి గోడకు జిల్లా పటం ఒకటి ఉండేది. అక్కయ్యకు జబ్బుగా ఉందని కబురు అందిన రోజున దాని మీద దారం పరిచి కొలిచాను. అమలాపురానికి గీత గీసినట్టు పోతే నాలుగామడలు. కొంగ పొద్దున ఎగిరితే ఎండ ముదరకముందే వాలుతుంది. మనిషికి మాత్రం గోదావరిలో దిగువకు పడవ, ఆపైన గట్ల వెంట నడక, వెరసి రెండు రోజులు. ఏటికి ఎదురుగా తాడు కట్టి పడవను లాగించుకుంటూ తిరిగి రావడానికి మూడు. ఆ లెక్కంతా బావగారికి రాసి, అక్కయ్యను ఇక్కడి దొరల ఆస్పత్రికి తీసుకురమ్మన్నాను. రెండు వారాలైనా రాలేదు. నేనే బయలుదేరాను.

అమలాపురం పక్క పల్లెలో వాళ్ల ఇల్లు. నేను వెళ్లేసరికి అక్కయ్య ఇంట్లో లేదు. పొరుగింటి అరుగు మీద, తడిక చాటున, జ్వరంతో పడుకుని ఉంది. జల్లు కొట్టి దుప్పటి తడిసింది.

“ఇదేమిటి బావగారూ?”

“ప్రస్థానం అండి. పోయిన బుధవారం ముహూర్తం కుదిరింది. పడవలన్నీ ధాన్యం మోతకి పోయేయి. అందుకని వేళకి గడప దాటించి ఇక్కడ పడుకోబెట్టేం. ప్రయాణం మొదలైనట్టే కదండీ.”

“బట్టల మూట పెడితే చాలదా? అందరూ చేసేది అదేగా.”

“ఆయ్, మామూలుగా అయితే చాలునండి. రోగిష్టి మనిషికి అలా పనికిరాదన్నారు శాస్త్రులుగారు.”

ఆరు రోజులలో ఆవిడ చేసిన ప్రయాణం పది అడుగులు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ అరుగు ఎక్కడుందో గ్రహాలకు తెలుసా అని అడిగాను. అక్కయ్య అత్తగారు తలుపు చాటునుంచి నెమ్మదిగా అన్నారు: “మీరు చదువుకున్నవారు, మీకు గ్రహాలు భయపడతాయి. మాకు భయపడవు నాయనా.”

ఇక వాదించలేదు. అక్కయ్యను రెండు చేతులా ఎత్తాను.

“వద్దురా తమ్ముడూ, వెనక్కి తీసుకెళ్లకు,” అంది.

జ్వరం మాట అనుకున్నాను. సొంత ఇంట్లో పొడి పక్క మీద పడుకోబెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం పడవ వచ్చింది. రేవు దాకా మోయడానికి డోలీ వాళ్లు వాకిట్లో నిలబడ్డారు. అక్కయ్య గోడ వైపు తిరిగింది.

“వెనక్కి వచ్చిన ప్రయాణం సాగదురా. మళ్లీ మంచి రోజు చూడనీ.”

మూఢాచారాల మీద సభల్లో ఎందరి నోళ్లు మూయించానో. ఆవిడ అసలు వాదించనే లేదు. చెప్పినంతసేపూ విని, “నువ్వు భోంచేశావా?” అని అడిగింది.

“ఎత్తి పడవలో పెట్టేద్దామంటారా?” అన్నారు బావగారు. ఒకసారి వద్దంటున్నా ఎత్తాను. రెండోసారి చేతులు రాలేదు. పడవవాడు పొద్దుగుంకే దాకా చూసి వెళ్లిపోయాడు.

మళ్లీ ముహూర్తం తొమ్మిది రోజులకు దొరికింది. ఏడో రోజున అక్కయ్య పోయింది.

ఆ ఇంట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. పీట వేసి వడ్డించేవారు. “మరి కాస్త వేయమంటారా అండి?” అని మర్యాదగా అడిగి లోపలికి వెళ్లిపోయేవారు. నేను కూర్చున్న చోట మరెవరూ కూర్చునేవారు కాదు. తిరుగు పడవలో మూడు రోజులూ ఒక్కణ్ణే.

ప్రస్థానం శుద్ధ అవివేకమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. దాన్ని ఖండిస్తూ రాసిన వ్యాసాలలో ఈ సంగతి రెండుసార్లు వాడుకున్నాను. రెండింటిలోనూ అక్కయ్యను పొడి పక్క మీద పడుకోబెట్టినంత వరకే రాశాను.