మూడో తరగతి నేల

బల్బారా చిటికెడు మట్టి నోట్లో వేసుకుని నేలను పరీక్షించేది. పళ్ళ కింద కరకరలాడితే ఇసుక నేల. చలికి గడ్డకట్టిన ఆ నేల వేసవిలో రెండు మీటర్ల దాకా కరిగినా కుంగదు. నాలుకకు జిగటగా అంటుకుని, బురదగుంట వాసన వేస్తే మాత్రం వేసవిలోనూ కరగని మంచు అడుగున దగ్గర్లోనే ఉన్నట్టు. యాకుత్స్క్‌లో చదువు ముగించి, లేనా నదికి తూర్పునున్న సర్కారీ వ్యవసాయ ఫారంలో నేలల సర్వేకి చేరింది. గుంట తవ్వడం, పొరలు కొలవడం, తరగతి రాయడం, ఇదే పని. మూడో తరగతి అంటే మంచుగడ్డలు లేని నేల, దున్నుకోవచ్చు. ఐదో తరగతి అంటే అడుగున అంతా మంచుగడ్డలే, అక్కడ చెట్టు కొట్టడానికి కూడా వీల్లేదు.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు వేసవిలో, పొలం కోసం కొట్టేద్దామనుకున్న ఊరి వెనక లార్చ్ చెట్ల అడవిలో ఏడు గుంటలు తవ్వింది. నాలుగింటిలో మీటరు దాటకుండానే గడ్డపార ఖంగుమంది. పైపొరలు గరిటెతో కలిపినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. వాటి కింద మురికి గాజులా మంచు. ఐదో తరగతి అని రాసింది.

డైరెక్టరు అత్లాసొవ్ కాగితం చూసి నవ్వాడు.

"ఈ దేశంలో మంచు లేని చోటెక్కడమ్మా? మన తాతలు దానిమీదే పుట్టి దానిమీదే పోయారు."

"ఇది ఆ మంచు కాదు డైరెక్టరు గారూ. ఇళ్ళంతేసి గడ్డలు. అడవి నీడ తీసేస్తే కరిగి నేల కూలిపోతుంది."

"ఎప్పుడు?"

"ఇరవై ఏళ్ళకో, ముప్ఫై ఏళ్ళకో."

"అప్పటికి నేనుండను. పైవాళ్ళు అడిగేది ఈ ఏటి బంగాళాదుంపల సంగతి. దిద్దు."

ఒక పూటంతా వాదించింది. కాదంటే మరే సర్వేలోనూ తనను చేర్చుకోరని ఆమెకు తెలుసు. సాయంత్రానికి ఐదు కొట్టేసి, పక్కన మూడు వేసి, సంతకం చేసింది.

పొలం చాలా ఏళ్ళు బాగానే పండింది. ఫారం మూతపడ్డాక ఆ నేలను ఇళ్ళకు పంచారు. చెల్లెలు మాతురోనాకు ఓ స్థలం వచ్చింది. టీ పోస్తూ అడిగింది.

"మంచి చోటేనా అక్కా? అప్పట్లో నువ్వే చూశావటగా."

బల్బారా కప్పులోకి చూస్తూ, "గాలి బాగా వస్తుందిలే" అంది.

మాతురోనా ఇల్లు కట్టుకున్న పదేళ్ళకు పెరడంతా బొడిపెలు లేచాయి. బొడిపెల మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచాయి. పొయ్యి నిలువునా పగిలింది. మరో ఐదేళ్ళకు ఇల్లు ఒక మూల మూరెడు కుంగింది. పరిహారం తేల్చడానికి అధికారులు వచ్చారు. వాళ్ళలో ఒక పడుచుపిల్ల పాత నేలల పటం విప్పింది.

"ఇక్కడ మూడో తరగతి అని ఉందండీ. లోపల మంచుగడ్డలు లేవు. అంటే లోపం ఇల్లు కట్టడంలోనే. పరిహారం రాదు."

"మా అక్క నేలలు చదివింది, ఆవిడని అడగండి" అంది మాతురోనా.

బల్బారా లేచి నిలబడింది. "ఆ సంతకం నాదే. ఆ రాత అబద్ధం."

"అది అప్పుడే చెప్పాల్సిందండీ. ఇప్పుడు మీరు ఇంటివారికి బంధువులు, మీ మాట చెల్లదు."

వాళ్ళు వెళ్ళాక మాతురోనా తలుపు వేసింది.

"తెలిసే ఊరుకున్నావా?" అంది.

"తెలిసే."

"ఈ ఇంట్లో నా పిల్లలు పడుకుంటారే."

మరునాడు బల్బారా పార పట్టుకుని వచ్చింది. అరవయ్యేళ్ళ ఒంటితో రెండు రోజులు పెరట్లో తవ్వింది. మాతురోనా కిటికీ తెర తీయలేదు. బల్బారా గుంట కొలతలన్నీ వేసి, ఐదో తరగతి అని రాసి పై ఆఫీసుకు పంపింది. అందినట్టు రెండు ముక్కల జాబు మాత్రం వచ్చింది.

మరుసటి వేసవిలో మాతురోనా దుంగలతో కట్టిన ఆ ఇంటిని విప్పించి రోడ్డుకు అవతల కొత్త స్థలానికి చేర్పించింది. నేల చూడమని అక్కను పిలవలేదు, పక్క ఊరి ట్రాక్టరు డ్రైవరును పిలిపించుకుంది. అతను మోకాలి లోతు తవ్వి, బాగానే ఉందన్నాడు.

బల్బారా రోడ్డు మీద నుంచే కేకేసింది. "ఇంకో రెండు మీటర్లు తవ్వు నాయనా."

అతను మాతురోనా వైపు చూశాడు.

"చాల్లే, పూడ్చెయ్యి" అంది మాతురోనా.