మూడు కాయల నువ్వు

వైశాఖంలో ఒక మధ్యాహ్నం మార్కండేయులు అన్నయ్య ఎండిన నువ్వు కట్టలను వదిన పాత చీర మీద తలకిందులు చేసి దులిపాడు. చేటతో చెరిగి, నల్లటి గింజలను హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించాడు. "అమ్మణ్ణీ, కాస్త కాఫీ" అన్నాడు వదినతో. మర్నాడు తెల్లవారేసరికి లేడు. 2002లో మాట.

సామర్లకోట దగ్గర ఒక నువ్వుల పరిశోధన క్షేత్రంలో ముప్పై ఏళ్లు ఫీల్డుమాన్‌గా పనిచేశాడు. పిల్లలు లేరు. రిటైరయ్యాక ఇంటి వెనక ఐదు సెంట్ల మెరకే అతని లోకం. మన నల్ల నువ్వు ఎండకు తట్టుకుంటుంది గాని ఆకు దగ్గర ఒక్క కాయే కాస్తుంది. బయటినుంచి వచ్చిన రకం మూడేసి కాస్తుంది, వడగాడ్పుకు వాడిపోతుంది. మూడేసి కాయలు కాసే మన నువ్వును కళ్లతో చూడాలని అన్నయ్య కోరిక.

మొదటి వేసవి సాయంత్రాలు నల్ల నువ్వు మొగ్గల రేకులు మెల్లగా లాగేసేవాడు. పుప్పొడి తిత్తులు వాటితోపాటే ఊడి వచ్చేవి. మిగిలిన దానికి కూల్‌డ్రింకు గొట్టం ముక్క తొడిగి, పొద్దున్నే రెండో రకం పుప్పొడి అద్దేవాడు. అలా కట్టిన గింజలను మరుసటి ఏడు చల్లాడు. నేను రాజమండ్రి నుంచి వెళ్లి చూస్తే ప్రతి ఆకు దగ్గరా ఒక్క కాయే.

"మూడన్నారు, ఒకటంటున్నాయి. మొక్కలు కూడా మీ మాట వినడం లేదండీ" అంది వదిన.

"నువ్వు విన్నావా ఏంటి, అవి వినడానికి?"

"పోనీలే అన్నయ్యా, చిమ్మిలికి పనికొస్తాయి" అన్నాను నేను. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను.

పదో రోజు కర్మకు, అంగడి నువ్వులెందుకు, అతను పండించినవే ఉన్నాయిగా అని నేనే అడిగాను. వదిన సీసాను రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. గోదావరి రేవులో పురోహితుడు "చిటికెడు చాలండి" అన్నాడు. కర్మకు తెచ్చింది తిరిగి ఇంటికి తీసుకెళ్లకూడదు. మిగిలినవన్నీ నీళ్లలో ఒంపేసి సీసా కూడా కడిగాను. అన్నయ్యకు అన్నయ్య పంటే ముట్టిందని తృప్తిగా ఉండింది.

జనవరిలో, నువ్వులు చల్లే అదనులో, అన్నయ్యతో పనిచేసిన బంగార్రాజు సైకిలేసుకుని వదిన ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మీ అన్నగారు దాచిన నువ్వుల గింజ ఇప్పించండి మాస్టారూ. ఈ ఏడు నేను చల్లుతాను."

"దాంట్లో ఏముందండీ? ఒక్క కాయే కదా కాసింది?"

"మొదటి తరం అంతేనండి. ఒంటికాయ గుణమే పైకి కనపడుద్ది. మూడు కాయల గుణం లోపల దాక్కునుంటదండి. ఆ మొక్కల గింజ మళ్లీ వేస్తేనే బయటపడేది."

వదిన నా వైపు చూడలేదు.

"ఎన్ని మొక్కలకు ఒకటి అలా బయటపడుతుందండీ?" అని అడిగాను.

"నాలుగింటికి ఒకటండి."