ఏ రోగమూ లేని జీపు

మొయినాబాద్ బస్టాండు దాటాక నాకొక రిపేరు షెడ్డు ఉండేది. ముప్పై ఏళ్లు డీజిల్ జీపులే బాగుచేశాను. ఐటీ కంపెనీలొచ్చి చుట్టుపక్కల భూములకు గిరాకీ పెరిగాక రైతులు కొత్త కార్లు కొనుక్కున్నారు. నా షెడ్డు ముందు జీపులు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. పొద్దంతా పానాలు, స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి.

దగ్గర్లోని ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి ఒక పెద్దమనిషి మాత్రం వారం వారం వచ్చేవాడు. మోకిల దగ్గరి చేనును ప్లాట్లు వేసే వెంచరు వాళ్లకు అమ్మేశాడు కానీ, జీపును అమ్మలేదు.

"జర చూడు తమ్మీ, ఇంజన్ల ఏదో సప్పుడొస్తున్నది," అనేవాడు.

బానెట్ ఎత్తి వినేవాణ్ణి. ఏ చప్పుడూ ఉండేది కాదు. ఎన్నేళ్లు బురదలో తిరిగినా కుదురుగా నడిచే ఇంజను అది. ఆ మాట చెబితే ఇక రాడేమోనని నా భయం. ఉత్తినే డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాణ్ణి. అంతసేపూ ఆయన స్టూలు మీద కూర్చుని పంటల ముచ్చట్లు చెప్పేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, ట్రయల్ చూద్దామని ఇద్దరం మోకిల వైపు వెళ్లాం. వెంచరులో కొత్త కారొకటి చక్రాలు మునిగేదాకా దిగబడింది. పక్కన, మెడలో కంపెనీ కార్డుతో ఒక అమ్మాయి తడుస్తూ నిలబడి ఉంది. తన ప్లాటు చూసుకుందామని వచ్చిందట. ఆయన మోకు కట్టి, నాలుగు చక్రాలూ లాగే గేరు వేశాడు. జీపు గుర్రుమని కారును గట్టి నేల మీదికి ఈడ్చింది.

"థాంక్స్ అంకుల్! మీరు ఇక్కడే పనిచేస్తారా?"

"లేదు బిడ్డా. ఇది మా జొన్నచేను ఉండె."

ఆ అమ్మాయి తల దించుకుంది.

ఆయన జీపును వెనక్కి తిప్పాడు. షెడ్డు దగ్గర నన్ను దింపి, "ఇంజన్ల ఏ సప్పుడు లేదని నాకెరుకే తమ్మీ. ఇంట్ల మాట్లాడేటోళ్లు లేక వస్తున్న," అన్నాడు.

నాకూ ఎవరూ లేరని చెబుదామనుకున్నాను. "వచ్చే వారం రా అన్నా, ఆయిల్ మారుద్దాం," అని మాత్రం అన్నాను.

రాలేదు. రెండు వారాలు చూసి ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఆయన వాకిట్లో జీపు లేదు.

"ఆ దినం బురదల కారును గుంజినంక, దీన్ని ఉత్తగ తిప్పబుద్ధి కాలే తమ్మీ. చేవెళ్లల కూరగాయలు పండించే ఒకాయనకు ఇచ్చిన. ఆయనకింకా పొలమున్నది. బండి నడుస్తది," అన్నాడు.

చాయ్ తాగాం. మధ్యలో జీపు లేకపోయేసరికి ఇద్దరికీ మాటలు దొరకలేదు. లేచి వస్తుంటే ఆపుతాడేమో అనుకున్నాను. ఆయన ఆపలేదు. తర్వాత మేం మళ్లీ కలవలేదు.