చన్నీళ్ళ అత్తయ్య

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున తెనాలిలో నేను వంటింట్లో ఉండగా, రేపల్లె నుంచి ఆవిడ కూతురు, మా వదిన ఫోన్ చేసింది. "అమ్మ లేవట్లేదే" అంది ముందు. నేనేదో అడగబోయేలోగా "ఇంక లేవదే" అని బావురుమంది. స్టవ్ ఆపి స్టేషన్‌కి బయల్దేరాను. రేపల్లె ప్యాసింజర్ ఎక్కి కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. వేమూరు దాటాక, ఎదురు సీట్లో ఎవరో ఆవిడ కొంగుతో పిల్లాడి మొహం తుడుస్తుంటే వచ్చింది. ఇక ఆగలేదు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఉద్యోగం బాపట్లలో. వేసవి సెలవులివ్వగానే నన్ను తీసుకొచ్చి అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళేవాడు. అలాంటి ఒక వేసవిలోనే నేను పెద్దమనిషినయ్యాను. ఆ మాట కూడా నాకప్పుడు తెలీదు. లంగా వెనక మరక చూసుకుని, ఏదో జబ్బు చేసిందనీ చచ్చిపోతాననీ అనుకున్నాను. ఎవరి కంటా పడకముందే వదిలించుకోవాలని నీళ్ళగదిలో దూరి, కాగులో మరుగుతున్న నీళ్ళు ముంచి పోయబోతుంటే అత్తయ్య తలుపు తోసుకుని వచ్చింది. ముందు నా మొహం చూసింది, ఆ తర్వాతే లంగా చూసింది.

"వేణ్ణీళ్ళు పోస్తున్నావేంటే! నెత్తురు కోడిగుడ్డులాంటిది తల్లీ. వేడి తగిలిందా, ఉడికి గట్టిపడుద్ది. ఇంక గుడ్డని వదలదు. చన్నీళ్ళు పొయ్యి."

లంగా తిరగేసి, మరక వెనకవైపు నుంచి ధారగా చన్నీళ్ళు పోసింది. ఉప్పు నలిపి అద్దింది. కాసేపు అట్టా ఉంచి, సబ్బు రాసి బొటనవేలితో మెల్లగా నిమిరింది. "బరబరా రుద్దకు. దానికీ కాస్త టైమివ్వాలి" అంది. సిగ్గుగా ఉందత్తా అని నేను మొహం దాచుకుంటే, "సిగ్గెందుకే? ఇది మురికి కాదు, నెత్తురు. నువ్వయినా నేనయినా ఇందులోంచి వచ్చినవాళ్ళమే" అంది. అమ్మ ఉంటే చెప్పేవన్నీ ఆ రోజు ఆ నీళ్ళగదిలోనే, చేతులకు సబ్బు నురగ ఉండగానే చెప్పేసింది.

వీధిలో ఏ పిల్లాడు మోకాలు చీరుకున్నా వాడి నిక్కరు ఆవిడ దగ్గరికొచ్చేది. బాలింతల ఇళ్ళ నుంచి దుప్పట్లు వచ్చేవి. జాకెట్టు కుడుతుంటే సూది గుచ్చుకుని చుక్క పడితే, ఎవరి నెత్తురుకు వాళ్ళ ఉమ్మే మందు అని చటుక్కున నాలుకతో తడిపేది. తెల్లబట్ట మీద మొండి మరకైతే మెడికల్ షాపు నుంచి నురగొచ్చే మందు తెప్పించేది. రంగుబట్టల దగ్గరికి మాత్రం దాన్ని రానిచ్చేది కాదు, రంగు తినేస్తుందని.

పెళ్ళయి తెనాలి వచ్చాక నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి ఎలా వదిలి వెళ్ళామో అలాగే ఉంది. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కబురు తెలిసి అత్తయ్య మధ్యాహ్నానికల్లా వచ్చింది. నేను దుప్పటి లాగి బకెట్లో వేయబోతుంటే నా చేతిలోంచి తీసేసుకుంది.

"ఇది నువ్వు ఉతక్కూడదే. ఇదొక్కటి నువ్వు చూడకూడదు. పో, పడుకో."

తలుపేసుకుంది. పంపు చప్పుడు చాలాసేపు వినబడింది. మధ్యలో ఆగింది. అప్పుడు తలుపు వెనక నుంచి ఆవిడ వెక్కిళ్ళు వినబడ్డాయి. మళ్ళీ పంపు తిప్పింది. బయటికొచ్చి, నా పక్కన పడుకుని, నా తల తన చేతిమీద పెట్టుకుంది. "పిల్ల వెళ్ళిపోయింది తల్లీ. ఏడువు" అంది. అందరూ అబార్షన్ అన్నారు. పిల్ల అన్నది ఆవిడొక్కతే.

కొన్నేళ్ళకు మావయ్య బాపట్లలో పెళ్ళికని బండి మీద వెళ్ళాడు. దారిలో లారీ గుద్దింది. ఆసుపత్రి వాళ్ళు బట్టలు కవర్లో పెట్టిచ్చారు. కాలవలో పడేయమని చుట్టాలందరూ అన్నారు. అత్తయ్య ఎవరి మాటా వినలేదు. దినాలు కాగానే ఆ తెల్లచొక్కా తీసి, ఉప్పు కలిపిన చన్నీళ్ళలో నానేసింది. ఎండి అట్టగట్టిన నెత్తురు తొందరగా కరగదు. నీళ్ళు ఎర్రబడటం, ఆవిడ పారబోసి మళ్ళీ పట్టడం. పొద్దుటి నుంచీ అదే పని. "ఎందుకమ్మా ఇది?" అని వదిన ఏడ్చింది.

"నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కానే ఇది. అద్దంలో చూసుకుని, బాగుందా అని అడిగి మరీ వెళ్ళాడు. ఇట్టా రావాల్సినోడు కాదు."

సాయంత్రానికి జేబు దగ్గర లేత టీ రంగు మరక ఒక్కటే ఉండిపోయింది. వదిన నురగ మందు సీసా తెచ్చి, "తెల్లదేగా, నాలుగు చుక్కలేస్తే పోద్దమ్మా" అంది. అత్తయ్య సీసా అందుకుంది. మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది.

"వద్దులే. ఇది కూడా పోతే నాకేం మిగులుద్దే?"

ఏ మరకనూ వదలని మనిషి, ఆ ఒక్కదాన్నీ వదిలేసింది.

పోయినేటి నుంచి ఆవిడకే రక్తం జబ్బు. ఊరికే ముక్కులోంచి, చిగుళ్ళలోంచి కారేది. దిండు గలేబులూ చీరలూ తనే ఉతుక్కునేది. వదిన లాక్కోబోతే, "నా నెత్తురేగా, నేను చెప్తే వినుద్దిలే" అని నవ్వేది. ఎంత చెప్పినా అది వినలేదు.

దహనం అయిపోయి, వచ్చినవాళ్ళు స్నానాలు చేసి ఎవరిదారిన వాళ్ళు వెళ్ళాక, పెరట్లోకి వెళ్ళాను. పంపు పక్కన బకెట్, దానిమీద పళ్ళెం బోర్లించి ఉంది. తీసి చూస్తే ఆవిడ ఆకుపచ్చ చీర. నీళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

వెనకాలే వచ్చిన వదిన అక్కడే నిలబడిపోయింది. "నిన్న నానేసిందే. పొద్దున్నే ఉతుక్కుంటా, నువ్వు ముట్టుకోకు అంది" అంది.

నేను బకెట్ వంచబోయాను. చేతులు రాలేదు. మనిషంతా బూడిదైపోయింది. ఆవిడ ఒంట్లోది ఇంకా ఈ ఇంట్లో ఉన్నదంటే, ఆ నీళ్ళలోనే ఉంది. వదిన నా ఎదురుగా కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి చీర అంచు పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. పిండనూ లేదు, పారబోయనూ లేదు. ఆ నీళ్ళ రంగు కనపడనంతగా పొద్దుగుంకేదాకా, ఇద్దరం అట్టాగే పట్టుకుని కూర్చున్నాం.